డిప్లొమా చదువుకూ మన నిధిలో వాటా ఉండాలి

ఈ పేజీల్లో మామూలుగా పాత ఫోటోలు, ఇంటిపేర్ల వెనక కథలు, మనవాళ్లు వలస వచ్చిన దారులు, పండగ వంటలు రాస్తుంటాము. ఈసారి వాటిని పక్కన పెట్టి చదువు గురించి రాస్తున్నాము. అది కూడా మన ఇళ్లల్లో ఇప్పుడు ఎవరూ గట్టిగా పేరెత్తని చదువు గురించి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో చేరి మూడేళ్లు చదివే డిప్లొమా చదువు. కొందరు పెద్దవాళ్లకు మా మాటలు రుచించకపోవచ్చు. అయినా పూజకు ముందే అందరి చెవినా వేద్దామని రాస్తున్నాము.

విషయం ఇది. మా కుటుంబానికి ఒక చదువు నిధి ఉంది. మా తాతల తరంలో నలుగురు అన్నదమ్ముల ఇళ్లవాళ్లు కలిసి పెట్టుకున్నది. ఏటా వైశాఖంలో కులదైవం పూజకు అందరమూ చేరినప్పుడు, పూజ ముగిశాక, ఆకులు వేయకముందే నిధి లెక్క చదువుతారు. ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారు, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది అక్కడే తేలుతుంది. ఆ నిధి నియమాల్లో ఒకటి "డిగ్రీ చదువుకు మాత్రమే" అని. బీఈ కావచ్చు, ఎంబీబీఎస్ కావచ్చు, బీకాం కావచ్చు, డిగ్రీ అయితే చాలు. డిప్లొమాకు, ఐటీఐకి పైసా ఇవ్వరు.

ఈ ఏడు మా దాయాదుల ఇంట్లో ఒక పిల్ల పదో తరగతి రాసింది. మార్కులు బాగానే వస్తాయని వాళ్ల టీచర్లే అంటున్నారు. ప్లస్ వన్‌కు పోను, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేరతాను అంటోంది. వాళ్ల నాయిన లేడు. అమ్మ ఒక మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తుంది. అదే పిల్ల రెండేళ్లు ప్లస్ టూ చదివి, ఏదో ఒక కాలేజీలో ఏదో ఒక డిగ్రీలో చేరితే నిధి నుంచి డబ్బు వస్తుంది. తనకు కావలసిన చదువులో చేరితే రాదు. ఇదీ ఇప్పుడు మా ముందున్న చిక్కు. ఇది ఆ ఒక్క ఇంటి చిక్కు మాత్రమే అని మేము అనుకోవడం లేదు. బెంగళూరులో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో ఇట్లాంటి నిధులు, సంఘాల స్కాలర్‌షిప్‌లు చాలానే ఉన్నాయి. వాటిలోనూ ఇదే గీత గీసి ఉంటే, ఈ చర్చ మీదీ అవుతుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. ఆ నియమం మార్చాలి. "డిగ్రీ" అనే మాట పక్కన "డిప్లొమా, ఐటీఐ" అనే రెండు మాటలు చేర్చాలి. ఎందుకో చెప్తాము.

ముందు ఏది వచ్చింది, తర్వాత ఏది వచ్చింది

మేము ఉండేది కోయంబత్తూరు. ఈ ఊరు మిల్లులకు, పంపుసెట్లకు, మోటార్లకు, వెట్ గ్రైండర్లకు పేరు పడింది. ఈ ఊళ్లో సాంకేతిక విద్య ఏ వరసలో పుట్టిందో ఒకసారి చూడండి. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు ఆస్తి పంచుకునేటప్పుడు నాలుగు వాటాలు కాదు, ఐదు వాటాలు వేశారు. ఐదో వాటా ధర్మానికి. 1926లో ఆ వాటాతో పి.ఎస్.జి. ట్రస్టు పెట్టారు. ఆ సంవత్సరమే ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, అంటే చేతిపని నేర్పుతూ సరుకు కూడా తయారు చేసే పనిశాల. 1939లో పాలిటెక్నిక్ వచ్చింది. డిగ్రీ ఇచ్చే ఇంజనీరింగ్ కాలేజీ 1951లో వచ్చింది. పనిశాలకూ డిగ్రీకీ మధ్య ఇరవై ఐదేళ్లు. అంతకాలం ఈ ఊళ్లో మిల్లుల మిషన్లు బాగుచేసింది, పంపులు పోత పోసింది, మోటార్లు చుట్టింది డిగ్రీ లేనివాళ్లే. 1930ల్లో పైకారా నుంచి కరెంటు వచ్చాక ఊరు ఒక్కసారిగా పెరిగిందంటే, ఆ కరెంటును పనిలో పెట్టే చేతులు అప్పటికే ఇక్కడ తయారుగా ఉన్నాయి.

జి.డి. నాయుడు గారి సంగతి ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. 1893లో కలంగల్ అనే చిన్న ఊళ్లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఒంటబట్టలేదు. ఒక దొర నడిపే మోటార్ సైకిల్ చూసి, అట్లాంటిది కొనాలని కోయంబత్తూరులో హోటల్లో సర్వరు పని చేసి డబ్బు కూడబెట్టారు. కొన్నాక దాన్ని ఊడదీసి, మళ్లీ బిగించి నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చికి, పళనికి మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు కంపెనీ కట్టారు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా మనం చెప్పుకునేది 1937లో ఆయన, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి చేసినదే.

మన చర్చకు కావలసిన ముక్క దాని తర్వాత వస్తుంది. 1945లో ఆయన పూనికతో ఇక్కడ పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. నాయుడు గారే ప్రిన్సిపాలుగా కూర్చున్నారు. నాలుగేళ్ల చదువు పిల్లల కాలం వృథా చేయడమే, రెండేళ్లు చాలు అన్నది ఆయన వాదం. బ్రిటిష్ సర్కారు ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేసి బయటికి వచ్చేశారు. ఆ కాలేజీ తర్వాత తడాగం రోడ్డుకు మారి, ఇప్పుడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా నడుస్తోంది. అవినాశి రోడ్డు మీద "హోప్ కాలేజ్" అనే స్టాపు పేరు మాత్రం ఈనాటికీ నిలిచింది. రోజూ ఆ స్టాపులో బస్సు దిగేవాళ్లలో చాలామందికి ఆ పేరు వెనక ఇంత గొడవ ఉందని తెలియదు. రెండేళ్లు చాలా, నాలుగేళ్లు కావాలా అన్న ఆయన లెక్కతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. మేమూ పూర్తిగా ఏకీభవించము. కానీ చదువు విలువను ఏళ్లతో కాక, ఆ ఏళ్లలో చేతికి ఏం వచ్చిందన్న దానితో కొలవాలి అన్న ఆయన మాట మాత్రం మాకు సబబుగానే తోస్తుంది.

కర్ణాటకలో ఉండే మనవాళ్లకు వేరే ఉదాహరణ ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులు ప్రకాశం వైపు మోక్షగుండం నుంచి వెళ్లి మైసూరు సీమలో స్థిరపడినవాళ్లు. మనలాంటి వలస ఇల్లే. ఆయన దివానుగా ఉన్న కాలంలో 1917లో బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. అంత పెద్ద ఇంజనీరు, అంత పెద్ద దివాను, అక్కడితో ఆగలేదు. వృత్తి విద్య కోసం బెంగళూరులో జయచామరాజేంద్ర పేరుతో విద్యాలయం రావడానికి కూడా ఆయనే ముందుపడ్డారు. ఈనాటి ఎస్.జె. పాలిటెక్నిక్ అదే. కాలేజీ ఉన్న ఊళ్లో ఇది కూడా కావాలని ఆయనకు తోచింది. ఆ రెంటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనుకున్నది తర్వాత వచ్చిన మనమే.

ఆరేళ్ల లెక్క

పెద్దవాళ్లు మొదట అడిగేది, "డిప్లొమాతో ఆగిపోతే ఎట్లా?" అని. ఆగిపోవాలని ఎవరు చెప్పారు? వేళ్ల మీద లెక్క పెట్టండి. పదో తరగతి తర్వాత ప్లస్ వన్, ప్లస్ టూ రెండేళ్లు, బీఈ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పదో తరగతి తర్వాత డిప్లొమా మూడేళ్లు, ఆపైన లేటరల్ ఎంట్రీలో నేరుగా బీఈ రెండో సంవత్సరం, అంటే ఇంకో మూడేళ్లు, మొత్తం ఆరు. రెండు దారులూ ఒకే గుమ్మానికి, ఒకే ఏడాదిలో చేరతాయి. ఒక్క ఏడాది కూడా నష్టం లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో కూడా ఇంతే. అక్కడ పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరతారు, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారు.

తేడా మధ్యలో ఉంది. మొదటి దారిలో రెండేళ్ల తర్వాత చేతికి వచ్చేది మార్కుల కాగితం. ఇంట్లో ఏదైనా కష్టం వచ్చి అక్కడ చదువు ఆగితే, ఆ పిల్లకు ప్లస్ టూ పాసయిందన్న మాటే మిగులుతుంది. రెండో దారిలో మూడేళ్ల తర్వాత ఒక పని వస్తుంది, ఆ పనికి సర్టిఫికెట్ వస్తుంది. అక్కడ ఆగినా కాళ్ల మీద నిలబడొచ్చు. కొన్నాళ్లు సంపాదించి మళ్లీ చదువుకోవచ్చు. పని చేసుకుంటూ సాయంత్రాలు పార్ట్ టైమ్ బీఈ చదివే వీలు మా ఊరి పెద్ద కాలేజీల్లో చాలాకాలంగా ఉంది. పగలు షాపులో, రాత్రి క్లాసులో గడిపి ఇంజనీర్లయినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. నాయిన లేని పిల్లకు, ఒక్క జీతం మీద నడిచే ఇంటికి, ఈ రెంటిలో ఏ దారి భద్రమో మీరే ఆలోచించండి. నిధి పెట్టింది కష్టంలో ఉన్న ఇంటికి ఆసరా కావాలనే కదా. కష్టంలో ఉన్న ఇంటికి సరిపోయే చదువుకే మన నిధి తలుపు మూసి ఉంది.

తమిళనాడు ప్రభుత్వమే 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో చదివిన ఆడపిల్లలకు పైచదువు కోసం నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. డిగ్రీ చదివినా, డిప్లొమా చదివినా, ఐటీఐ చదివినా ఇస్తోంది. సర్కారుకు లేని పట్టింపు మనకెందుకు?

చేతికి వచ్చే చదువు అంటే ఏమిటి

డిప్లొమా అంటే బీఈ చదువును నీళ్లు కలిపి పలచన చేసి ఇవ్వడం అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. లెక్కలు, ఫిజిక్సు, డ్రాయింగు అక్కడా ఉంటాయి. కానీ చదువు బరువు వేరే చోట ఉంటుంది. మొదటి ఏడే పిల్ల చేతికి ఆకురాయి ఇస్తారు. ఒక ఇనుప ముక్కను నాలుగు వైపులా సమంగా, మట్టం పెట్టి చూస్తే వెలుతురు దూరకుండా రాయమంటారు. వినడానికి చిన్న పని. చేసి చూడండి, భుజాలు పడిపోతాయి. తర్వాత లేత్ మీద ముఖం తీయడం, మెట్లు తీయడం, వాలు తీయడం, మర కోయడం. తర్వాత ఫౌండ్రీ.

ఫౌండ్రీ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. పోత ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. మీటరు పొడవుకు సుమారు 10 మిల్లీమీటర్లు. అందుకే పంపు బాడీకి చెక్కతో నమూనా చేసేవాడు ఆ మేరకు పెద్దగా చేయాలి. పైన మిషన్ మీద చెక్కేసే మందం ఎంతో అది కూడా కలపాలి. అచ్చులో ఇసుక తడి ఎక్కువైతే ఆవిరి పుట్టి పోతలో గాలి బుడగలు పడతాయి. తడి తక్కువైతే అచ్చు విరిగి ఇసుక లోపల రాలుతుంది. పుస్తకంలో ఇది అర పేజీ. మా పట్టరైలో పాత మేస్తిరి ఇసుకను పిడికిట్లో నొక్కి, రెండుగా విరిచి, విరిగిన అంచు చూసి చెప్పేవాడు. ఆ పిడికిలికి, ఆ పుస్తకానికి మధ్య వంతెన కట్టేది పాలిటెక్నిక్ చదువు. పిడికిలి మాత్రమే తెలిసినవాడు ఎందుకో చెప్పలేడు. పుస్తకం మాత్రమే తెలిసినవాడు చేయలేడు.

ఇంకొకటి. కొంగు నాట బావులు లోతు. పాత బావుల్లో గట్టు మీద కాకుండా లోపల మధ్యలో అరుగు కట్టి, దాని మీద పంపు దించి ఉండడం మీరు చూసే ఉంటారు. ఎందుకు? పంపు నీళ్లను పీల్చదు. లోపల గాలి తగ్గిస్తుంది, బయటి గాలి బరువు నీళ్లను పైకి నెడుతుంది. ఆ గాలి బరువు సముద్రమట్టం దగ్గర కూడా 10 మీటర్లకు మించి నెట్టలేదు. పైపులో రాపిడి, వంపులు, ఫుట్ వాల్వు అన్నీ పోగా చేతికి వచ్చేది ఆరేడు మీటర్లు. నీళ్లు అంతకంటే కిందికి పోతే పంపు కూడా కిందికి పోవలసిందే. నీళ్లు ఇంకా పాతాళానికి పోయాక సబ్‌మెర్సిబుల్ వచ్చింది, అది నీళ్ల అడుగునే ఉండి పైకి తోస్తుంది. మా తాతకు ఈ సూత్రం పేరు తెలియదు, కానీ అరుగు ఎక్కడ కట్టాలో తెలుసు. ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి సూత్రం పేరు తెలుసు, అరుగు ఎందుకుందో తెలియదు. రెండూ తెలిసినవాళ్లు కావాలంటే మూడేళ్లు మిషన్ పక్కన నిలబడి చదివినవాళ్లు మనలోంచి కొందరైనా ఉండాలి.

మాట కూడా పోతుంది

ఇది వారసత్వం గురించి రాసే చోటు కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ఉండలేము. మా ఇంట్లో తెలుగు ఎక్కడెక్కడ బతికిందని వెతికితే మూడు చోట్లు కనబడతాయి. వంటిల్లు, పూజ గది, పట్టరై. మొదటి రెండింటి గురించి అందరూ రాస్తారు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. కొలిమి, దాగలి, సుత్తి, పట్టకారు, ఆకురాయి, మరమేకు, ఇరుసు, మూస, పోత, తరిమెన పట్టడం. ఈ మాటలు మా అవ్వ కథల్లో నేర్చుకున్నవి కావు, పట్టరైలో తాతలు అరిచి చెప్తే నేర్చుకున్నవి. పక్కనే తమిళం మాట్లాడే మేస్తిరులు కడసల్ అనేవాళ్లు, మనవాళ్లు తరిమెన అనేవాళ్లు, ఇంగ్లీషు కేటలాగు లేత్ అనేది. మూడు మాటలూ ఒకే మిషన్ చుట్టూ తిరిగేవి. మన పిల్లలు పట్టరై గుమ్మం దాటి కంప్యూటర్ ముందుకు పోయాక ఆ మాటలు చెప్పేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. పనిని వదిలేసి పని మాటలను మాత్రం పుస్తకంలో దాచుకుంటాము అంటే అది జరిగేది కాదు. మాట పనిని పట్టుకునే బతుకుతుంది.

కంప్యూటర్ చదువు వద్దని మేము అనడం లేదు. ఈ పేజీ నడిచేది కూడా ఆ చదువు చదివిన మా పిల్లల చేతులతోనే. ఇంట్లో పదిమంది పిల్లలుంటే పదిమందీ ఒకే చదువు చదవాలన్న ఒత్తిడి మాత్రం బాగాలేదు అంటున్నాము.

అభ్యంతరాలు, మా జవాబులు

జీతం తక్కువ అంటారు. నిజమే. డిప్లొమాతో మొదటి ఉద్యోగంలో వచ్చే జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతంతో పోలిస్తే చిన్నదే. దాన్ని దాచిపెట్టి లాభం లేదు. కానీ పోల్చవలసింది పెద్ద కంపెనీలో కుదిరినవాళ్లతో కాదు. ఏదో ఒక కాలేజీలో ఏదో ఒక బ్రాంచి చదివి, అరియర్స్ పెట్టుకుని, చదువుకు సంబంధం లేని పనిలో చేరినవాళ్లతో పోల్చండి. ఆ లెక్కలో డిప్లొమా చేసినవాళ్లు వెనకబడి లేరు. రైల్వేలో, కేంద్ర శాఖల్లో జూనియర్ ఇంజనీరు పోస్టులకు డిప్లొమా చాలు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా అయినవాళ్లకు ఒక ఏడాది స్టైపెండుతో శిక్షణ కూడా దొరుకుతుంది.

పైకి ఎదగలేరు, సూపర్‌వైజర్ దగ్గరే ఆగిపోతారు అంటారు. ఇందులో కూడా నిజం ఉంది. చాలా కంపెనీల్లో డిప్లొమావాళ్లకు ఒక మెట్టు పైన తలుపు మూసే ఉంటుంది. అందుకే లేటరల్ ఎంట్రీ, పార్ట్ టైమ్ బీఈ దారుల గురించి పిల్లకు మొదటి ఏడే చెప్పాలి. మన నిధి ఆ రెండో అంచెకు కూడా సాయం చేయాలి. మెట్టు దగ్గర ఆగిపోతారన్న భయం ఉంటే నిచ్చెన ఇవ్వాలి, మెట్టే ఎక్కనివ్వకపోవడం ఏం న్యాయం?

ఆడపిల్లకు మెకానికలా అంటారు. ఈ మాట ఎక్కువగా అంటున్నది మన అత్తలు, పిన్నులే కాబట్టి కొంచెం జాగ్రత్తగా చెప్తాము. ఈ ఊరి మిల్లుల్లో స్పిన్నింగ్ ఫ్రేముల పక్కన ఆడవాళ్లు నిలబడి తరాలు గడిచాయి. మోటారు వైండింగులో సన్నని రాగి తీగ చుట్టే పని ఎన్నో షాపుల్లో ఆడవాళ్లదే. అప్పుడు ఎవరూ ఆడవాళ్లు మిషన్ ముట్టకూడదు అనలేదు. మిషన్ నడిపితే సరే, మిషన్ గురించి చదివితే మాత్రం తప్పు అయిందా? సీఎన్‌సీ మిషన్లు వచ్చాక బలంతో చేసే పని తగ్గింది, కొలత పట్టే పని, ప్రోగ్రాము రాసే పని పెరిగింది. ఆ పనికి మగ, ఆడ తేడా ఏముంది?

పెళ్లికి ఏమని చెప్పుకుంటాము అంటారు. దీనికి మా దగ్గర పెద్ద జవాబు లేదు. సంబంధం చూసేవాళ్లు డిగ్రీ అడుగుతారు, అది లోకం తీరు. కానీ పదిహేనేళ్ల పిల్ల చదువును పదేళ్ల తర్వాత రాబోయే ముక్కూముఖం తెలియని సంబంధం వాళ్ల అభిరుచిని బట్టి తేల్చడం మాకు సమ్మతం కాదు.

పదిహేనేళ్లకే ఏం చదవాలో పిల్లకు ఏం తెలుస్తుంది అంటారు. ఇది మాత్రం గట్టి ప్రశ్న. అందుకే చేర్చే ముందు పిల్లను నాలుగు రోజులు ఒక పనిశాలలో కూర్చోబెట్టండి. వేడి, మోత, నూనె వాసన ఓర్చుకుంటుందేమో చూడండి. సాయంత్రం ఇంటికొచ్చి ప్రశ్నలు అడుగుతోందా, ఫోను పట్టుకుని మూల కూర్చుంటోందా చూడండి. తెలిసిపోతుంది. ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో కూడా పిల్లలు ఈ వయసులోనే తేల్చుకుంటున్నారు కదా.

చేర్చేవాళ్లు చూసుకోవలసినవి

అన్ని పాలిటెక్నిక్‌లూ ఒకటి కావు. గోడల మీద రంగు, గేటు మీద బోర్డు చూసి చేర్చకండి. వర్క్‌షాపులోకి వెళ్లి చూడండి. లేత్‌లు ఎన్ని ఉన్నాయని అడగొద్దు, ఎన్ని తిరుగుతున్నాయని అడగండి. ఒక్కో మిషన్ దగ్గర ఎంతమంది పిల్లలు నిలబడతారో అడగండి. చిప్స్ ట్రేలో కొత్త ఇనుప తురుము ఉందా, తుప్పు పట్టిన తురుము ఉందా చూస్తే చాలు, అక్కడ పని జరుగుతోందో లేదో తెలుస్తుంది. శాండ్‌విచ్ కోర్సు ఉంటే విచారించండి. చదువు మధ్యలో ఫ్యాక్టరీకి పంపి పని చేయించే పద్ధతి అది. మామూలు డిప్లొమా కంటే ఆరు నెలలు ఎక్కువ పడుతుంది, ఆ ఆరు నెలలు వృథా పోవు. ఫీజు ఎంత అన్నదానికంటే ముందు ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో సీటు ప్రయత్నించండి. యానాంలో ఉన్నవాళ్లకు పక్కనే కాకినాడ ఉంది, అక్కడి ఆంధ్రా పాలిటెక్నిక్ 1946 నుంచి నడుస్తోంది.

సొంత షాపు ఉన్న ఇళ్లవాళ్లకు ఒక మాట. మన ఊళ్లల్లో చాలా పట్టరైలు మంచి మేస్తిరి దొరకక మూతపడుతున్నాయని మీరే వాపోతుంటారు. మీ షాపులో సెలవుల్లో ఇద్దరు డిప్లొమా పిల్లలకు చోటివ్వండి. టీ తెప్పించడానికి, ఊడ్పించడానికి మాత్రం కాదు. మైక్రోమీటరు చేతికిచ్చి కొలిపించండి. తప్పు కొలిస్తే మళ్లీ కొలిపించండి.

నిధి సభ ముందు మేము పెట్టేది

మూడు సవరణలు కోరుతున్నాము. ఒకటి, "డిగ్రీ చదువుకు మాత్రమే" అన్న చోట "పదో తరగతి తర్వాత గుర్తింపు ఉన్న డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ చదువులకు" అని రాయాలి. రెండు, డిప్లొమా అయ్యాక లేటరల్ ఎంట్రీలో గానీ, పార్ట్ టైమ్‌లో గానీ బీఈ చదివేవాళ్లకు రెండోసారి కూడా అడిగే హక్కు ఉండాలి. మూడు, డిప్లొమా పిల్లలకు పుస్తకాల డబ్బుతో పాటు పనిముట్ల డబ్బు ఇవ్వాలి. డ్రాయింగ్ సామాను, సేఫ్టీ బూట్లు, వెర్నియర్, ఇవి కూడా వాళ్లకు పుస్తకాలే.

పాత నియమం రాసిన తాతలను మేము తప్పు పట్టడం లేదు. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో పని తెలిసినవాళ్లు నిండా ఉన్నారు, డిగ్రీ ఉన్నవాళ్లే లేరు. లేనిదానికి సాయం చేయాలని వాళ్లు ఆ నియమం రాశారు. ఇప్పుడు డిగ్రీలు గోడల నిండా వేలాడుతున్నాయి, పని తెలిసినవాళ్లే కనుమరుగవుతున్నారు. లేనిదానికి సాయం చేయాలన్న వాళ్ల బుద్ధినే పాటిస్తే, నియమం మార్చక తప్పదు.

పదో తరగతి ఫలితాలు మే నెలలో వస్తాయి. పాలిటెక్నిక్ అడ్మిషన్లు ఆ వెంటనే మొదలవుతాయి. సభ వాయిదా పడితే, "వచ్చే ఏడు చూద్దాములే" అంటే, ఆ పిల్లకు వచ్చే ఏడు ఉండదు. అందుకని పూజకు రాలేని దూరపు ఊళ్లవాళ్లు మీ అభిప్రాయం ముందే రాసి పంపండి. ఒప్పుకోకపోయినా సరే, ఎందుకు ఒప్పుకోరో రాయండి. దాన్ని కూడా సభలో చదివి వినిపిస్తాము.